మూడు మందులు, ఒకే తుపాకి

డెల్ఫియా సైజ్‌మోర్ తన కొట్లో అమ్మే లాంటర్న్ రకం తుపాకిమందులో బొగ్గుపొడి కలుపుతోందని బుధవారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద ఎవరో అన్నారట. ఎవరన్నారో ఐసీ కోంబ్స్ చెప్పలేదు. పిండిసంచి చంకలో ఇరికించుకుని, పోవడానికి తలుపు సగం తెరిచి, కొండమీది చలినంతా కొట్లోకి వదిలి, అప్పుడు మొదలుపెట్టింది.

"నేనైతే నమ్మలేదనుకో వదినా. అన్నావిడకి వాళ్ళాయన చెప్పాడంట. ఆయనకి మంగలి చెప్పాడంట. నువ్వు వెనకగదిలో తలుపేసుకుని కాఫీమరలో బొగ్గు విసురుతావంట."

"మరి నా కొట్లో కాఫీ తాగేవాళ్ళకి తెలవదా?" అంది డెల్ఫియా, తక్కెడ పళ్ళెం తుడుస్తూ.

"అదే నేనూ అడిగా. డెల్ఫీ కాఫీ మొదట్నించీ అట్టాగే ఉంటదిగా, తేడా ఎట్టా తెలుస్తది అన్నారు."

డెల్ఫియా నవ్వలేదు. తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడిచింది. ఈ మాట ఎక్కడ పుట్టిందో ఆమెకు తెలుసు. పోయిన నెల లారెల్ వాగు పైన గడ్డిమిట్ట మీద జరిగిన కోడెదూడ పందెంలో పుట్టింది. అక్కడ బోర్లా పడుకుని, తుపాకి గొట్టాన్ని దుంగమీద ఆనించి, ఎవరి చెక్కపలకను వాళ్ళు కాలుస్తారు. పలకను నిప్పులో నల్లగా మాడ్చి, నడుమ కత్తితో అడ్డంగా నిలువుగా రెండు గీతలు గీస్తారు. గీతలు కలిసిన చోటినుంచి ఒక్కొక్క గుండు పడిన తూటు దాకా దారం పట్టి కొలుస్తారు. పది గుళ్ళకీ కలిపి ఎవరి దారం పొట్టిగా ఉంటే కోడెదూడ వెనకతొడ వాళ్ళది. ఆ మిట్టమీద ఆర్లిస్ నోబుల్ దారం కన్నా పొట్టి దారం ఒకటుంటుందని చాలామంది మరిచిపోయారు. అలాంటివాడికి పోయిన నెల చివరి వంతుగా తోలూ కొవ్వూ మిగిలాయి. తోలు భుజాన వేసుకుని వెళ్ళబోతూ ఆ పెద్దాయన మందు పోసుకునే తన కొమ్ము బిరడా తీసి లోపలికి చూసి, "ఈ లాంటర్న్ మందులో ఏదో తేడా ఉంది" అన్నాడు. అన్నది అంతే. మిట్ట దిగి, వాగు దాటి, మంగలి కుర్చీలో కూర్చుని లేచేసరికి అది బొగ్గుపొడి అయింది.

"శనివారం పందెం జట్టు మీటింగంటగా" అంది ఐసీ, ఇంకా తలుపు పట్టుకునే. "ఏడాదికి సరిపడా మందు ఈసారి స్టాగ్ రకం తెప్పిస్తారంట. పట్నంలో కొంటారంట. మా ఆయన కూడా అదే..."

"మీ ఆయన దగ్గర స్టాగ్ డబ్బా ఉందిగా?"

"ఉంది. నీకేంటికి?"

"పట్రా. అట్టాగే మీ మరిది రెడ్‌బర్డ్ వాడతాడు, ఆ డబ్బా కూడా. ఇప్పుడే పో. తలుపేసి పో."

ఐసీ ఇంత ఉత్సాహంగా వెళ్ళడం డెల్ఫియా ఎప్పుడూ చూడలేదు.

లాంటర్న్ అమ్మకం పోతే పోయేది మందు ఒక్కటే అయితే ఆమె అంత పట్టించుకునేది కాదు. పెద్దరోడ్డు మీద కొత్త షాపు వచ్చాక దాణా కొనేవాళ్ళు ఎలాగూ అటు మళ్ళారు. ఇంకా ఈ కొట్టుకు వచ్చేది మిట్టమీద పందేలు కాల్చే జట్టు వాళ్ళే. మందుకోసం వస్తారు, పొయ్యి చుట్టూ కూర్చుంటారు, వేడి బిస్కెట్ రొట్టెలూ గ్రేవీ పులుసూ తిని, చెప్పిన అబద్ధాలే మళ్ళీ చెప్పుకుని, పోతూపోతూ ఉప్పో కిరసనాయిలో పట్టుకుపోతారు. కల్తీ సరుకు అమ్ముతుందన్న మాట నిలబడితే వాళ్ళు ఉప్పు కూడా ఇక్కడ కొనరు. ఉప్పులో మాత్రం ఏం కలిపిందో ఎవరికి తెలుసు అంటారు.

ఐసీ డబ్బాలు తెచ్చి ఇచ్చి, నిలబడి చూడాలని చూసింది గానీ, డెల్ఫియా కొట్టు తలుపుకు 'మూసి ఉంది' పలక తగిలించి పెరటివైపు వెళ్ళిపోయింది.

ముందు తెల్లటి పింగాణీ సాసర్లు మూడు వరసగా పెట్టింది. ఒక్కో దాంట్లో ఒక్కో మందు చిటికెడు పోసి, పొడుగాటి పుల్ల అంటించి వెలిగించింది. స్టాగ్ ఒక్క ఉఫ్‌న లేచిపోయింది, సాసరు మీద సన్నటి పొగమరక తప్ప ఏమీ మిగల్లేదు. లాంటర్న్ కూడా అంతే చురుగ్గా మండింది, మరక కాస్త వెడల్పు. రెడ్‌బర్డ్ మాత్రం చిటపటమని మిణుగురులు రాల్చి నల్లటి పూసలు మిగిల్చింది. లాంటర్న్ గింజలు అరచేతిలో వేసుకుని బొటనవేలితో గట్టిగా నలిపింది. చెయ్యి నల్లబడలేదు. గింజ చితకలేదు. బొగ్గు కలిస్తే చెయ్యి వంటపొయ్యి లాగా అయ్యేది.

తర్వాత తన తుపాకి తెచ్చుకుంది. అందరూ మందు కొలిచే కొలతతోనే, జింకకొమ్ము తొలిచి చేసిన చిన్న గిద్దతోనే, మూడు మందులూ కొలిచింది. ప్రతి గుండుకీ గొట్టాన్ని తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచింది. పరుపుగుడ్డ పేలికకు పందికొవ్వు రాసి, దానిలో సీసపుగుండు పెట్టి, గొట్టం మూతిలోకి నొక్కి, కూరుడుకర్రతో అడుగుదాకా దించింది. కర్ర మీద కత్తితో పెట్టిన గాటు ఉంటుంది. గుండు మందు మీద సరిగ్గా కూర్చుంటే ఆ గాటు గొట్టం మూతికి సమంగా వచ్చి ఆగుతుంది. ఆగిందో లేదో ప్రతిసారీ చూసుకుంది. ఆ పని మధ్యలో ఫోను మోగినా లేవలేదు.

స్టాగ్ తూట్లు అన్నిటికన్నా దగ్గరగా పడ్డాయి. లాంటర్న్‌వి వాటి పక్కనే, కొంచెం విడివిడిగా. రెండు పలకలూ తారుమారు చేసి పెడితే ఎవరూ చెప్పలేరు. రెడ్‌బర్డ్ కిందికి జారింది, గొట్టం కడిగితే తారులాంటి నీళ్ళు వచ్చాయి.

అయితే లాంటర్న్‌తో ఒక సంగతి తగిలింది. మందు మార్చేముందు కావాలనే రెండు గుళ్ళు తుడవకుండా కాల్చి చూసింది. రెండోదాన్ని దించుతుంటే కర్ర సాఫీగా పోయిపోయి అడుగు దగ్గర గరగరమంది, కంకరమీద చెప్పుతో నడిచినట్టు. మసి గట్టిగా పేరుకుంటోంది. ఇంకాస్త ఒంగి బరువు వేస్తే దిగింది. ఒక్క తడిగుడ్డతో ఆ గరగర పోయింది. ఇది దాచే సంగతి కాదు, ఎవరైనా అడిగితే చెప్పాల్సిందే అనుకుంది. మరి ఆర్లిస్ గుళ్ళు ఎందుకు చెదిరాయి? మందు మంచిదే అయినప్పుడు, ఆ తుపాకి మంచిదే అయినప్పుడు? చేతులు కడుక్కుంటూ అదే ఆలోచించింది, సబ్బు ముక్క అరిగేదాకా.

మర్నాడు పొద్దున్నే వెర్లిన్ వచ్చాడు. పందేలు నడిపేది అతనే, డెల్ఫియా అక్క మొగుడు. టోపీ తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడంటే ఇష్టంలేని మాటేదో మోసుకొచ్చాడని అర్థం.

"చూడు డెల్ఫీ, నేను నమ్మట్లా. కానీ జట్టులో ఒకళ్ళు కాదు. స్టాగ్‌కి మారితే గొడవ వదిలిపోద్ది గదా. కావాలంటే అదే నువ్వు తెప్పించి పెట్టు, నీ దగ్గరే కొనమని నేను చెప్తా."

"స్టాగ్ పెడితే ఇన్నాళ్ళూ బొగ్గు కలిపానని ఒప్పుకున్నట్టేగా బావా."

"ఎవరూ ఆ మాట అనరు."

"ఇప్పుడు అంటన్నారుగా. అప్పుడు మాత్రం మానేస్తారా?" ఆమె అతని ముందు కాఫీ పెట్టింది. అతను ఒక్క క్షణం కప్పులోకి చూసి, ఆమె తనను చూస్తోందని గమనించి గబుక్కున తాగాడు, నాలుక కాల్చుకున్నాడు. "రేపు మీటింగుకి ముందు మూడు మందులూ అందరి ఎదటా కాలుద్దాం. ఏది ఏదో కాల్చేవాడికి తెలవకూడదు. నువ్వు బండి వెనక్కి పోయి మూడు కొమ్ముల్లో పోసి ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టు. ఏ దారం ఏదో నీ ఒక్కడికే తెలియాలి."

"కాల్చేది ఎవరు? నువ్వా?"

"నేను కాలిస్తే నా మందు వైపు కాల్చానంటారు. ఆర్లిస్ బాబాయి కాలుస్తాడు. ఆయన తుపాకితో."

వెర్లిన్ కప్పు కింద పెట్టాడు. "ఆయన ఒప్పుకోడు."

"అడగందే ఎట్టా తెలుస్తది?"

ఆర్లిస్ ఇల్లు వాగు మొదట్లో ఉంది. డెల్ఫియా వెళ్ళేసరికి ఆయన వసారాలో కూర్చుని, ఒళ్ళో కుక్కతల పెట్టుకుని, చల్లారిన బిస్కెట్ రొట్టెలు తినబోతున్నాడు. పెరట్లో చలికాలానికి తెచ్చి పడేసిన మొద్దులు చీల్చకుండా అలాగే ఉన్నాయి.

"కూర్చో. నామీద కేకలెయ్యడానికి వచ్చినట్టున్నావే."

"నేనెందుకు కేకలేస్తా బాబాయ్. నువ్వు బొగ్గు అన్లేదని నాకు తెలుసు."

"నేను అన్లేదు. ఏదో తేడా ఉందన్నా. ఆ మాట మీద ఉన్నా." ఆపిల్ గుజ్జు సీసా ఆమెవైపు జరిపాడు. "ఆ మూత తుప్పుపట్టి చచ్చింది, కొంచెం తియ్యి."

ఆమె ఒక్క తిప్పు తిప్పి తీసిచ్చింది. ఆయన బిస్కెట్ మీద గుజ్జు పూసుకుంటుంటే తను వచ్చిన పని చెప్పింది. ఆయన నమలడం ఆపాడు. కుక్క తలెత్తి చూసింది.

"నీ తుపాకి లేదా?"

"నా తుపాకి నా మాటే చెప్తదంటారు. నీది చెప్తే ఎవరూ కాదనలేరు."

"పొగిడి లాగుతున్నావు నన్ను."

"లాగుతున్నా. రా."

ఆయన గుజ్జు సీసా పక్కకు జరిపాడు. "నేను గుండు గుండుకీ గొట్టం తుడవను, తెలుసుగా. మా నాన్న తుడవలా. గుడ్డపేలిక ఉమ్మితో తడిపి కొడితే దానంతటదే తుడుచుకుంటది."

"నీ పద్ధతి నీదే. మందు మారినప్పుడు మాత్రం నేను వేడినీళ్ళతో కడుగుతా, ఒకదాని మసి ఇంకోదానికి అంటకుండా."

"స్టాగ్ ఏదో నాకు వాసన చూస్తే తెలిసిపోద్ది."

"తెలిస్తే మాకూ చెబుదువుగాని."

అప్పుడు నవ్వాడు ఆర్లిస్. వస్తానని నోటితో అనలేదు గానీ, ఆమె మెట్లు దిగుతుంటే, "తొమ్మిదింటికల్లా మొదలెట్టమను, ఎండ పలకమీద పడకముందే" అన్నాడు.

శనివారం మిట్టమీద మంచు ఇంకా విడలేదు. మామూలుగా మీటింగు అంటే మొహం చాటేసేవాళ్ళు కూడా వచ్చారు. బళ్ళ వెనక తలుపులు దించి వాటి మీద కూర్చున్నారు, ఐసీ అందరికీ ఆపిల్ కేకు ముక్కలు పంచుతూ డెల్ఫియా తన దగ్గరే డబ్బాలు తీసుకుందని ప్రతివాడికీ చెప్పింది. నీళ్ళ కెటిల్ పొయ్యిమీద మరుగుతోంది. వెర్లిన్ బండి వెనకనుంచి మూడు కొమ్ములు పట్టుకొచ్చాడు, తెల్లదారం ఒకదానికి, నీలందారం ఒకదానికి, ఎర్రదారం ఒకదానికి. ఒక్కో మందుకీ ఐదేసి గుళ్ళు అని చెప్పాడు.

ఆర్లిస్ తెల్లదారం కొమ్ము ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అందరూ మెడలు చాచారు.

"మందు వాసన వస్తంది" అన్నాడు.

నవ్వులు లేచాయి. ఆయన తుపాకి నిలబెట్టి, గిద్ద నింపి గొట్టంలో పోశాడు, పేలిక నోట్లో పెట్టుకుని తడిపి గుండు కూరాడు, బోర్లా పడుకుని గొట్టం పక్కనున్న రంజకం పళ్ళెంలో నిప్పంటుకోవడానికి చిటికెడు మందు వేసి మూత వేశాడు. చెకుముకి రాయి రవ్వలు రాల్చింది, పొగ లేచింది, పలక టక్కుమంది. రెండో గుండు మొదటి తూటులోకే దూరినట్టు పడింది.

"ఇదే స్టాగ్" అన్నాడు హోబార్ట్. ఎప్పుడూ మాట తనదే ముందుండాలి అతనికి. "చూడండి, రెండూ ఒకే తొర్రలోకి పోయినయ్. రాసిపెట్టుకోండి."

మూడోది కొంచెం పక్కకు పోయింది. నాలుగోది, ఐదోది పలక అంచుల దగ్గర పడ్డాయి. హోబార్ట్ గొంతు సవరించుకుని, ఐతే ఇది లాంటర్నేమో, మొదటే తనకు బొగ్గు కంపు కొట్టిందన్నాడు.

డెల్ఫియా గొట్టం కడిగింది. నీలందారం మందు వంతు. మొదటి రెండూ పక్కపక్కనే, గీతలకు కాస్త కింద, తర్వాతవి చెల్లాచెదురు. వెర్లిన్ తూట్లలో పుల్లలు గుచ్చి దారం పట్టి కొలుస్తూ తల గోక్కున్నాడు. రెండు కొలతలూ ఇంచుమించు సమానంగా వచ్చాయి. ఇదే లాంటర్న్ అని ఒకడు, కాదని ఒకడు, చివరికి మొత్తం మూడూ లాంటర్నే పోసి వెర్లిన్ ఆటలాడుతున్నాడని హోబార్ట్.

డెల్ఫియా ఆ గోలలో లేదు. నీలందారం చివరి గుండు కూరినప్పుడు ఆర్లిస్ చేతుల కింద ఆ కర్ర మీది గాటు ఆమెకు కనిపించినట్టయింది. కనిపించకూడదు, మూతితో సమంగా ఉండాలి. ఆయన వెంటనే కర్ర లాగేశాడు. పొరబడ్డానేమో అనుకుంది. ఎర్రదారం మందు మొదలయ్యేసరికి ఆమె కెటిల్ కింద పెట్టేసి ఆయనకు బారెడు దూరంలో వచ్చి నిలబడింది.

మొదటి రెండూ గాటు దాకా దిగాయి. మూడోదానికి ఆర్లిస్ కర్రను రెండు చేతులా పట్టుకుని నొక్కాడు, గాటు గొట్టం మూతికి ఒక్క వేలు వెడల్పు పైన నిలిచింది. పడుకుని కాల్చాడు. పలక పై అంచు చిట్లింది. నాలుగోది. కర్ర దిగుతూ దిగుతూ గరగరమని ఆగింది. ఆయన మోచేతులు వణికాయి. మెడనరాలు లేచాయి. ఇంకోసారి ఒంగాడు, కర్ర కదల్లేదు. గాటు గొట్టం మూతికి రెండు వేళ్ళ పైన ఉంది. ఆయన దాన్ని చూశాడు, చూసినట్టు ఆమె చూసింది. కర్ర లాగి గడ్డిలో పడేసి, పడుకోవడానికి మోకాలు వంచాడు.

గుండుకీ మందుకీ నడుమ ఖాళీ ఉంటే ఏమవుతుందో మిట్టమీద తెలియనివాళ్ళు లేరు. గొట్టం ఉబ్బుతుంది. ఒక్కోసారి ఉబ్బడంతో ఆగదు, కాల్చేవాడి చెంప ఆ గొట్టం పక్కనే ఉంటుంది. ఆమె నోరు మూసుకుని ఉంటే మూడు కొలతలూ సమానమని వెర్లిన్ చెప్పేవాడు, ఆమె మందు మచ్చ లేకుండా బయటపడేది, ఆర్లిస్‌కి ఈవేళ ఎందుకో బాగాలేదు అనుకుని అందరూ ఇళ్ళకు పోయేవాళ్ళు. మిగిలిన ఆ రెండు గుళ్ళూ క్షేమంగా పేలితే.

"కాల్చొద్దు బాబాయ్" అంది డెల్ఫియా.

కాల్పులు ఆపమని వెర్లిన్ వెంటనే ఎర్రజెండా ఎత్తాడు. ఆర్లిస్ మోకాలి మీదే ఉండిపోయాడు.

ఆమె గడ్డిలోంచి కర్ర తీసింది. తుపాకిని ఆయన చేతుల్లోంచి తీసుకోవడానికి కొంచెం లాగాల్సి వచ్చింది. నిలబెట్టి, కర్ర లోపలికి వేసి, రెండు అరచేతులూ దానిమీద పెట్టి ఒళ్ళంతా ఒంచింది. గొట్టం లోపల కంకర నలిగినట్టు చప్పుడు వచ్చింది, మిట్టంతా వినిపించింది. తర్వాత మెత్తగా ఒక్క తాకుడు. గాటు మూతితో సమంగా వచ్చి ఆగింది.

హోబార్ట్ ఏదో అనబోయి కేకుముక్క నోట్లో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు కాల్చు" అని తుపాకి ఇచ్చేసింది.

ఆర్లిస్ పడుకున్నాడు. రంజకం వేశాడు. ఊపిరి బిగబట్టడం, వేలు మీట మీదికి పోవడం, అన్నీ ఎప్పటిలాగే, తొందరలేకుండా. పొగ తొలిగాక చూస్తే గుండు గీతలు కలిసిన చోటే ఉంది. ఆయన లేచి, ఇంకో గిద్ద మందు కొలవబోయి, ఆగి, దాన్ని కొమ్ములోకే ఒంపేశాడు. ఐదో గుండు జేబులో వేసుకున్నాడు.

వెర్లిన్ ఎవరి మొహమూ చూడకుండా గబగబా చదివేశాడు: తెల్లదారం లాంటర్న్, నీలందారం రెడ్‌బర్డ్, ఎర్రదారం స్టాగ్. మొదటి రెండు గుళ్ళూ ఒకే తొర్రలోకి పోయింది లాంటర్న్‌తో.

"దాని మసి గట్టిది" అంది డెల్ఫియా. "స్టాగ్ కన్నా గట్టిది. తడిగుడ్డ పెట్టి తుడుచుకోవాలి. అది కూడా వినండి. బొగ్గు మాత్రం లేదు."

"విన్నాంలే" అన్నాడు వెర్లిన్. "లాంటర్నే తెప్పిద్దాం, డెల్ఫీ కొట్లోనే. కాదనేవాళ్ళు చెయ్యెత్తండి." ఎవరూ ఎత్తలేదు. ఒకరిద్దరు బండ్లవైపు నడిచారు. ఐసీ కేకు పళ్ళెం పట్టుకుని ఎటు పోవాలో తెలియక నడుమ నిలబడిపోయింది.

ఆమె గెలిచింది. గెలిచాక చెయ్యాల్సింది ఏదో ఉంటుందనుకుంది గానీ, ఆర్లిస్ దుంగ మీద కూర్చుని కొమ్ము తాడు చుట్టుకుంటుంటే ఇంకేమీ తోచక ఆయన దగ్గరికే వెళ్ళింది.

"పోయిన నెల కూడా ఇట్టాగే కాల్చావా? దిగని గుండు మీద?"

"ఆఁ."

"నీకు తెలుసన్నమాట. మందు కాదని."

"ఎండాకాలం నించీ తెలుసు."

"తెలిసీ ఊళ్ళో వాళ్ళు నా కొట్టుని ఆ మాట అంటుంటే ఊరుకున్నావా బాబాయ్? నీకు నేనేం చేశానని?"

ఆర్లిస్ తాడు ముడి బిగించాడు, అది జారింది, మళ్ళీ బిగించాడు. అప్పుడు తలెత్తి ఆమెను, ఆమె వెనక ఆగిపోయిన వాళ్ళను అందరినీ చూశాడు.

"ఊరుకున్నా. నీ కొట్లోకి ఇంకో రకం మందు వస్తది. నాకు ఇంకో జత చేతులు ఎవడు తెచ్చిస్తాడు?"